నెట్‌వర్క్‌లో తెలియని సిస్టమ్‌ను వైరు దాకా వెళ్లి పట్టుకోవడం ఎలా?

సగం మందికి నెట్ వస్తుంది, సగం మందికి రాదు. ఇందాక పనిచేసిన సిస్టమ్ ఇప్పుడు ఆగిపోతుంది, ఆగినది దానంతట అదే లేస్తుంది. బిల్లింగ్ కౌంటర్లో ప్రింట్ రాదు, పక్క గదిలో వస్తుంది. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనూ, విజయవాడ గవర్నర్‌పేటలోనూ నేను చూసే ఆఫీసుల నుంచి వచ్చే ఫోన్లలో చాలా భాగం ఇలాంటివే. అందరూ ముందు చేసే పని కనెక్షన్ ఇచ్చినవాళ్లను పిలవడం. వాళ్లొచ్చి, రూటర్ ఆపి వేసి, "లైన్ బాగానే ఉందండీ" అని వెళ్లిపోతారు. వాళ్లు చెప్పేది నిజమే. లైన్ పోతే అందరికీ ఒకేసారి పోతుంది. కొందరికి పోయి కొందరికి ఉండి, ఆ కొందరు కూడా మారుతూ ఉంటే తప్పు బిల్డింగ్ లోపలే ఉంది. ఎవరో ఒక సిస్టమ్‌నో, బాక్స్‌నో తప్పు సెట్టింగ్‌తో మీ నెట్‌వర్క్‌లో కలిపారు.

అది ఏ గదిలో ఉందో తెలియదు. గదిగదికీ వెళ్లి "ఎవరైనా కొత్తగా ఏమన్నా పెట్టారా?" అని అడిగితే "లేదండీ" అనే అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, తాము పెట్టిన చిన్న బాక్స్ వల్ల మూడో అంతస్తులో టాలీ ఆగిపోతుందని వాళ్లకు తట్టదు. అందుకని మనుషులను అడగడం ఆఖరున పెట్టుకోండి. ముందు ఆ యంత్రం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు నంబరు) పట్టుకోండి, తర్వాత వైర్లను సగానికి సగం తగ్గించుకుంటూ వెళ్లండి. ఎంత పాత బిల్డింగ్ అయినా, వైరింగ్ మ్యాప్ లేకపోయినా ఈ దారిలో వెళ్తే దొరుకుతుంది.

కమాండ్లను ఇక్కడ ఫోన్లో చెప్పినట్టు పలికే తీరులోనే రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

మొదలుపెట్టే ముందు

ల్యాప్‌టాప్, కచ్చితంగా పనిచేస్తుందని తెలిసిన ఒక నెట్‌వర్క్ కేబుల్, కాగితం టేపు, మార్కర్ పెన్ను, ఒక నోటుబుక్కు. ఫోన్లో డేటా ఉండాలి, ఎందుకంటే మధ్యలో ఆఫీసు నెట్ మీద ఆధారపడలేరు. ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో యంత్రాలు మాట్లాడుకునేది చూపించేది), ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఏ యంత్రాలున్నాయో వెతికేది) ముందే వేసి పెట్టుకోండి. రెండూ ఉచితం.

యజమానికి చెప్పి, ఒప్పుకున్నాకే చేయండి. అద్దె బిల్డింగుల్లో రెండు మూడు ఆఫీసులు ఒకే ర్యాక్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ బాక్స్ ఉండే అల్మారా) వాడుకుంటూ ఉంటాయి, పక్కవాళ్ల వైర్లు కూడా అందులోనే ఉంటాయి. అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందకు వస్తుంది.

కేబుళ్లు పీకాల్సి వస్తుంది కాబట్టి టైము చూసుకోండి. డయాగ్నస్టిక్ సెంటర్ అయితే శాంపిల్స్ నడుస్తున్నప్పుడు వద్దు. ఐసీయూ మానిటర్లు ఆ స్విచ్ మీదే ఉన్న ఆసుపత్రి అయితే అక్కడి బాధ్యులు పక్కన లేకుండా ఒక్క వైరు కూడా ముట్టుకోవద్దు. మిర్చి యార్డు దగ్గరి కమిషన్ షాపుల్లో, ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో టాలీ డేటా ఒక సిస్టమ్‌లో ఉండి మిగతావాళ్లు నెట్‌వర్క్ మీదుగా తెరుస్తారు. అందరినీ ఎంట్రీ సేవ్ చేసి టాలీ మూసేయమనండి. సగం ఎంట్రీలో నెట్‌వర్క్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ముందు బ్యాకప్ తీయించండి.

ఏ రకం తప్పో ముందు తేల్చుకోండి

ఇబ్బంది పడుతున్న సిస్టమ్ దగ్గర కూర్చోండి. దాన్ని రీస్టార్ట్ చేయకండి. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుపడవచ్చు, కానీ మనకు కావలసిన ఆధారం పోతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ ఆల్ కొట్టండి. వచ్చినదాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. పక్కనే బాగా నడుస్తున్న సిస్టమ్‌లోనూ ఇదే చేసి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. చూడాల్సిన లైన్లు మూడు: ఐపీవీ4 అడ్రస్ (ఆ సిస్టమ్ నంబరు, దీన్నే ఐపీ అంటాం), డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి, అంటే రూటర్ నంబరు), డీహెచ్‌సీపీ సర్వర్ (సిస్టమ్‌లకు నంబర్లు పంచేది).

మీ ఆఫీసు అంతా 192.168.1తో మొదలవుతుందనుకుందాం, అసలు రూటర్ 192.168.1.1. పాడైన సిస్టమ్‌లో 192.168.0 అనో, డీహెచ్‌సీపీ సర్వర్ దగ్గర వేరే నంబరో కనిపిస్తే, మీ రూటర్ కాక ఇంకొకటి కూడా అడ్రస్‌లు పంచుతోందన్నమాట. ఇదే అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. 192.168.137తో మొదలైతే పని ఇంకా సులువు. విండోస్ సిస్టమ్‌లో ఇంటర్నెట్ షేరింగ్ గానీ, మొబైల్ హాట్‌స్పాట్ గానీ ఆన్ చేస్తే అది పంచే నంబర్లు అవే. అంటే మీరు వెతికేది రూటర్‌ను కాదు, ఎవరిదో విండోస్ ల్యాప్‌టాప్‌ను.

169.254తో మొదలైతే సిస్టమ్‌కు అడ్రస్ ఇచ్చేవాళ్లే దొరక్క తనకు తానే పెట్టుకుందని అర్థం. అది వైరు తప్పు కావచ్చు, స్విచ్ పోర్టు తప్పు కావచ్చు. అడ్రస్ పక్కన డూప్లికేట్ అని ఉంటే మాత్రం అదే నంబరు ఇంకెవరో వాడుతున్నారు.

అన్ని లైన్లూ సరిగ్గానే ఉండి కూడా నెట్ వస్తూ పోతూ ఉంటే, ఎవరో రూటర్ నంబరునే తమకు పెట్టుకున్నారేమో అని అనుమానించండి. కొత్త డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డర్) బిగించిన మర్నాడు మొదలైతే ఆ అనుమానం బలపడుతుంది.

కరెంటు పోయి వచ్చాక మొదలయ్యే గొడవలు వేరు. చిన్న రూటర్లలో చాలావాటికి, ఎవరికి ఏ నంబరు ఇచ్చాయో కరెంటు పోతే గుర్తుండదు. యూపీఎస్ మీద ఉన్న సిస్టమ్‌లు పాత నంబర్లతోనే నడుస్తుంటాయి, రూటర్ లేచి అవే నంబర్లు ఇంకొకరికి ఇస్తుంది. ఇక్కడ దొంగ ఎవరూ లేరు, రూటర్‌ను కూడా యూపీఎస్ మీద పెడితే సరిపోతుంది. వేసవిలో ఇలాంటి ఫోన్లు వస్తే నేను ముందు ఇదే అడుగుతాను.

ఇంకొకటి: బిల్డింగ్ మొత్తం ఒక్కసారిగా చచ్చుబడి, స్విచ్ మీద లైట్లన్నీ ఆగకుండా టపటపా కొట్టుకుంటుంటే అది లూప్. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లోకో, రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లో గుచ్చి ఉంటారు. దానికి మ్యాక్ వెతకడం అనవసరం, వైర్లు తగ్గించే పద్ధతి ఒక్కటే చాలు.

మ్యాక్ అడ్రస్ పట్టుకోవడం

ఐపీ నంబరు ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చేత్తో ఐపీ పెట్టుకున్న యంత్రం, బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్న ప్రయాణికుడి లాంటిది, టిక్కెట్లు రాసే కండక్టరుకు ఆ సంగతి తెలియదు. మ్యాక్ అలా కాదు, మామూలుగా నెట్‌వర్క్ కార్డుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. అందుకే మనకు అది కావాలి.

ముందు అనుమానం ఉన్న నంబరుకు పింగ్ (ఉన్నావా అని పిలిచి చూసే కమాండ్) కొట్టండి. జవాబు వచ్చినా రాకపోయినా ఫరవాలేదు. వెంటనే ఏఆర్‌పీ, ఖాళీ, డ్యాష్ ఏ కొట్టండి. వచ్చిన పట్టికలో ఆ ఐపీ ఎదురుగా ఆరు జతల మ్యాక్ ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. పింగ్‌కు జవాబు రాలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకుని వదిలేస్తారు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపుతుంది. కానీ ఏఆర్‌పీ ప్రశ్నకు, అంటే "ఈ ఐపీ ఎవరిది, మీ మ్యాక్ చెప్పండి" అనే పిలుపుకు, జవాబివ్వకపోతే ఏ యంత్రమూ ఆ నెట్‌వర్క్‌లో బతకలేదు. పింగ్ మౌనంగా ఉన్నా ఈ పట్టికలో మ్యాక్ కనిపిస్తే అక్కడ యంత్రం ఉన్నట్టే.

రూటర్ నంబరే గొడవ అయితే పరీక్ష ఇలా చేయండి. అసలు రూటర్ నుంచి స్విచ్‌కు వచ్చే కేబుల్ పీకండి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఏఆర్‌పీ, ఖాళీ, డ్యాష్ డీ, ఖాళీ, స్టార్ గుర్తు (ఎనిమిది అంకె మీద ఉండేది) కొట్టి పాత పట్టిక చెరిపేయండి. ఇప్పుడు 192.168.1.1కి పింగ్ కొట్టి పట్టిక చూడండి. రూటర్ చేతిలో విడిగా ఉండగా ఆ నంబరుకు ఒక మ్యాక్ వచ్చిందంటే ఆ మ్యాకే మీరు వెతికేది. నోటుబుక్కులో రాసుకోండి. రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్‌తో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: ఒకే రూటర్‌లో ల్యాన్‌కు (ఆఫీసు లోపలి వైపు), వ్యాన్‌కు (బయటి లైన్ వైపు), వైఫైకి వేర్వేరు మ్యాక్‌లు ఉంటాయి. తరచుగా చివరి అంకెలోనే తేడా ఉంటుంది. చివరి అంకె ఒకటి అటూ ఇటూ అయినంత మాత్రాన దొంగ దొరికాడని పరుగెత్తకండి.

రెండో డీహెచ్‌సీపీ అనుమానమైతే వైర్‌షార్క్ తెరిచి, ఫిల్టర్ గడిలో డీహెచ్‌సీపీ అని కొట్టి పెట్టండి. 3.0 కంటే పాత వెర్షన్ అయితే అక్కడ బూట్‌పీ అని కొట్టాలి. అదే ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టండి. మీ ల్యాప్‌టాప్ డిస్కవర్ అని అందరికీ వినిపించేలా అడుగుతుంది, అడ్రస్ ఇవ్వగలిగినవాళ్లు ఆఫర్ పంపుతారు. ఆఫర్ ఒకటే రావాలి. రెండు వచ్చాయంటే, తెలియని దాని మీద క్లిక్ చేసి ఈథర్నెట్ అన్న లైన్ విప్పితే పంపినవాళ్ల మ్యాక్ అక్కడే ఉంటుంది. రిలీజ్ కొట్టకుండా ఉత్త రెన్యూ కొడితే ల్యాప్‌టాప్ పాత సర్వర్‌ను మాత్రమే పలకరిస్తుంది, రెండోది బయటపడదు. ఎన్‌మ్యాప్‌లో దీనికోసమే బ్రాడ్‌కాస్ట్ డ్యాష్ డీహెచ్‌సీపీ డ్యాష్ డిస్కవర్ అనే స్క్రిప్ట్ కూడా ఉంది. నాకు వైర్‌షార్కే ఇష్టం, ఎవరు ఎప్పుడు ఏమన్నారో కళ్లారా కనిపిస్తుంది.

రెండు సిస్టమ్‌లు ఒకే నంబరు మీద కొట్టుకుంటుంటే, విండోస్ ముందే రాసి పెట్టి ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌లోకి వెళ్లి, 4199 నంబరు ఈవెంట్ కోసం చూడండి. ఏ ఐపీ కోసం గొడవ జరిగిందో, ఎదుటి యంత్రం మ్యాక్ ఏమిటో, ఏ టైముకు జరిగిందో అందులో ఉంటుంది. ఆ టైమును వదలకండి. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకే అయితే, ఆ వేళకు ఆఫీసుకొచ్చి ల్యాప్‌టాప్ తెరిచే మనిషి ఎవరో ఆలోచించండి.

అది ఏ యంత్రం?

మ్యాక్‌లో మొదటి మూడు జతలు తయారీ కంపెనీవి. ఆ నంబర్లు కంపెనీలకు కేటాయించేది ఐఈఈఈ అనే సంస్థ. ఫోన్లో ఆ మూడు జతలు కొట్టి వెతికితే పేరు వస్తుంది. కెమెరాల కంపెనీ పేరు వస్తే డీవీఆర్ దగ్గరికి వెళ్లండి, ప్రింటర్ కంపెనీ పేరు వస్తే ప్రింటర్ల దగ్గరికి. రూటర్లు చేసే కంపెనీ పేరు వస్తే ఎవరో ఇంట్లోని పాత వైఫై బాక్స్ తెచ్చి పెట్టి ఉంటారు.

ఏ కంపెనీ పేరూ రాకపోతే మొదటి జతలో రెండో అక్షరం చూడండి. అది 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది ఫ్యాక్టరీ మ్యాక్ కాదు, యంత్రం తనకు తాను పెట్టుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి ఇలాంటి మ్యాకే వాడతాయి. కాబట్టి అది చాలావరకు ఎవరి చేతిలోనో ఉన్న ఫోన్. సిస్టమ్‌లో వర్చువల్ మెషీన్ నడుపుతున్నా ఇలా కనిపించవచ్చు.

పేరు కూడా అడిగి చూడండి. ఎన్‌బీటీస్టాట్, ఖాళీ, డ్యాష్ పెద్ద ఏ, ఖాళీ, ఆ ఐపీ. విండోస్ అయి, జవాబిచ్చే స్థితిలో ఉంటే దాని పేరు వస్తుంది. అకౌంట్స్, రిసెప్షన్ లాంటి పేరు వస్తే అదృష్టం. డెస్క్‌టాప్ అని ఉండి వెనక ఏడు అర్థంలేని అక్షరాలు ఉంటే విండోస్ పెట్టిన పేరే అలా వదిలేశారు, దానితో పని లేదు.

పింగ్ జవాబులో టీటీఎల్ అనే అంకె ఉంటుంది. 128 అయితే విండోస్ కావచ్చు. 64 అయితే లైనక్స్ మీద నడిచేవి, అంటే ఆండ్రాయిడ్, డీవీఆర్, చిన్న రూటర్ లాంటివి. ఇది తీర్పు కాదు, ఊహకు ఆసరా మాత్రమే. ఆ ఐపీని బ్రౌజర్లో తెరవండి. చాలా బాక్సులు లాగిన్ పేజీ మీదే తమ మోడల్ నంబరు చూపిస్తాయి. అక్కడితో ఆగండి, పాస్‌వర్డ్‌లు ఊహించే పని పెట్టుకోకండి. ఎన్‌మ్యాప్‌తో తెరిచి ఉన్న పోర్టులు (కేబుల్ గుచ్చేవి కాదు, యంత్రం ఏ పనికి జవాబిస్తుందో చెప్పే నంబర్లు) చూసినా తెలుస్తుంది: 9100 ఉంటే ప్రింటర్, 554 ఉంటే కెమెరా లేదా డీవీఆర్, 445 ఉంటే విండోస్ ఫైల్ షేరింగ్, 4370 ఉంటే వేలిముద్ర హాజరు యంత్రం. ఆ హాజరు యంత్రాలు చాలావరకు 192.168.1.201 నంబరుతోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. బిగించినవాళ్లు మార్చకుండా వెళ్లిపోతే, మీ రూటర్ అదే నంబరు ఇంకో సిస్టమ్‌కు ఇచ్చిన రోజున గొడవ మొదలవుతుంది.

అనుమానం ఉన్న యంత్రం 192.168.0లో ఉండి మీరు 192.168.1లో ఉంటే ఇవేవీ పనిచేయవు. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి, నెట్‌వర్క్ కార్డు ఐపీవీ4 సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, 192.168.0.250 లాంటి రెండో అడ్రస్ కలపండి. చేత్తో పెట్టిన అడ్రస్‌కే ఇది కుదురుతుంది, కాబట్టి ముందు మొదటి అడ్రస్ కూడా చేత్తో పెట్టుకోవాలి. పని అయ్యాక రెండూ తీసి ఆటోమేటిక్‌కు మార్చడం మరిచిపోవద్దు. వెతకడానికి వచ్చిన ల్యాప్‌టాపే రేపటి గొడవ కాకూడదు.

అది ఎక్కడుంది?

మేనేజ్డ్ స్విచ్ ఉంటే ఇక్కడ పని తేలిక. స్విచ్‌లోకి లాగిన్ అయి, మ్యాక్ టేబుల్లో మీరు రాసుకున్న మ్యాక్ వెతకండి. ఏ పోర్టులో ఉందో చెప్పేస్తుంది. సిస్కో అయితే షో మ్యాక్ అడ్రస్ డ్యాష్ టేబుల్ కమాండ్. ఒక యంత్రం మాట్లాడకుండా ఉంటే సిస్కో స్విచ్ మామూలుగా 300 సెకన్లలో దాన్ని మరిచిపోతుంది, అందుకని పక్కన పింగ్ నడుస్తూ ఉండనివ్వండి. ఆ పోర్టులో ఈ ఒక్క మ్యాకే ఉంటే గది దొరికినట్టే. పది మ్యాక్‌లు ఉంటే ఆ వైరు కొసన ఇంకో స్విచ్ ఉంది, అక్కడికి వెళ్లి మళ్లీ చూడాలి.

మన ఊళ్లలో చిన్న ఆఫీసుల్లో ఉండేవి దాదాపు అన్నీ మామూలు స్విచ్‌లే. వాటిలోకి లాగిన్ లేదు, టేబుల్ చూపించవు. అప్పుడే సగం సగం పద్ధతి.

ల్యాప్‌టాప్‌ను ప్రధాన స్విచ్‌లో ఒక పోర్టుకు గుచ్చండి. పింగ్, ఖాళీ, డ్యాష్ టీ, ఖాళీ, ఆ ఐపీ కొట్టి వదిలేయండి, ఆగకుండా నడుస్తూ ఉంటుంది. పింగ్‌కు జవాబివ్వని యంత్రమైతే ఎన్‌మ్యాప్‌తో పాటు వచ్చే ఎన్‌పింగ్‌ను ఏఆర్‌పీ పద్ధతిలో నడపండి, లైనక్స్ ల్యాప్‌టాప్ అయితే ఏఆర్‌పింగ్. రూటర్ నంబరే దొంగిలించిన యంత్రమైతే అసలు రూటర్ కేబుల్ పీకి ఉంచండి, లేకపోతే జవాబు రూటర్ నుంచి వస్తోందా దొంగ నుంచి వస్తోందా తేలదు.

ఇప్పుడు స్విచ్‌లో ఉన్న ప్రతి కేబుల్‌కూ కాగితం టేపు చుట్టి పోర్టు నంబరు రాయండి. ఈ పని విసుగ్గా ఉంటుంది, అయినా దాటేయకండి. టేపు లేకుండా పీకిన కేబుళ్లు తిరిగి ఎక్కడివక్కడ పెట్టలేక, ఒకటి పొరపాటున లూప్ అయి, ఉన్న గొడవకు ఇంకోటి తోడవుతుంది.

24 పోర్టుల స్విచ్ అనుకోండి. మీ ల్యాప్‌టాప్ పోర్టు వదిలి, 1 నుంచి 12 దాకా ఉన్న కేబుళ్లు పీకండి. తెర వైపు చూడండి. జవాబులు ఆగిపోతే దొంగ ఆ పన్నెండులో ఉన్నాడు. ఆగకపోతే మిగతా పన్నెండులో. పీకినవి తిరిగి పెట్టి, జవాబులు మళ్లీ రావడం చూసి, దొంగ ఉన్న సగంలో మళ్లీ సగం పీకండి. ఆరు, మూడు, తర్వాత ఒకటో రెండో. 24 పోర్టులకు ఎక్కువలో ఎక్కువ ఐదుసార్లలో తేలిపోతుంది. ఒక్కొక్కటీ పీకి చూసే మనిషి ఇరవై మూడోదాకా వెళ్లాల్సి రావచ్చు.

తెర చదవడంలో ఒక మెలిక ఉంది. ఎదుటి యంత్రం కనెక్షన్ పోయినప్పుడు విండోస్ కొన్నిసార్లు రిప్లై ఫ్రమ్ అని మొదలుపెట్టి డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అంటుంది. రిప్లై అన్న మాట చూసి జవాబు వచ్చిందనుకోకండి. ఆ లైన్లో ఉన్న ఐపీ మీ ల్యాప్‌టాప్‌దే. నిజమైన జవాబులో టైము, టీటీఎల్ ఉంటాయి. పీకిన ప్రతిసారీ నాలుగైదు లైన్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు నిర్ణయించుకోండి.

పోర్టు దొరికింది, ఆ కేబుల్ ఫాల్స్ సీలింగ్‌లోకి పోయింది. అవతలి కొస ఎక్కడ తేలిందో తెలియదు. కేబుల్ టోనర్ ఉంటే ఒక కొసన దాన్ని తగిలించి, రెండో పరికరాన్ని గోడల వెంట పట్టుకుని తిరిగితే కూత వినిపిస్తుంది. లేకపోతే ఒక మనిషిని ర్యాక్ దగ్గర నిలబెట్టి, ఆ కేబుల్ పీకుతూ పెడుతూ ఉండమనండి. మీరు గదుల్లో తిరుగుతూ ఏ సిస్టమ్ వెనక లైటు ఆరి వెలుగుతోందో చూడండి.

బ్రాడీపేటలో ఒక బిల్డింగ్‌లో అలా పట్టుకుంటూ వెళ్తే కేబుల్ స్టీలు బీరువా వెనక తేలింది. బీరువా కాస్త ముందుకు జరిపితే, గోడకు మేకు కొట్టి తగిలించిన చిన్న తెల్ల రూటర్. మీద దుమ్ము, రెండు యాంటెనాల్లో ఒకటి విరిగి దారంతో కట్టి ఉంది. వ్యాన్ అని రాసున్న నీలం పోర్టు ఖాళీ. గోడ నుంచి వచ్చే కేబుల్ పసుపు ల్యాన్ పోర్టులో, పక్క పసుపు పోర్టు నుంచి ఇంకో కేబుల్ టేబుల్ మీది సిస్టమ్‌కు. ఇదే, ఈ గొడవల్లో నేను పదేపదే చూసే బొమ్మ. కేబుల్ వ్యాన్ పోర్టులో ఉంటే ఆ రూటర్ తన వెనక ఉన్నవాళ్లకే అడ్రస్‌లు పంచుకునేది. ల్యాన్ పోర్టులో గుచ్చేసరికి బిల్డింగ్ అంతటికీ పంచడం మొదలుపెట్టింది.

వైఫైలో ఉన్న యంత్రమైతే వైరు ఉండదు. యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే బాక్సులు) ఒకటికంటే ఎక్కువ ఉంటే, దేని క్లయింట్ల జాబితాలో ఆ మ్యాక్ ఉందో చూడండి, అంతస్తు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ మ్యాక్‌ను బ్లాక్ చేసి ఉంచడమే తక్కువ శ్రమ. ఎవరికి నెట్ పోయిందో వాళ్లే వచ్చి చెబుతారు. తెలియని రూటర్ తన వైఫైని కూడా చాటుతుంటే ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని నడవండి. మైనస్ 80 దగ్గర ఉన్న అంకె మైనస్ 40 వైపు వస్తున్నకొద్దీ మీరు దగ్గరవుతున్నట్టు.

దొరికాక

అక్కడ కూర్చున్నవాళ్లతో మర్యాదగా మాట్లాడండి. ఆ తెల్ల రూటర్ గదిలో రిసెప్షన్ చూసే అమ్మాయి, "మా తమ్ముడు తెచ్చి పెట్టాడండీ, ఈ గదిలో వైఫై అందట్లేదని. తప్పయిందాండీ?" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ గదికి వైఫై అందేలా చూడాల్సినవాళ్లు చూడలేదు. బాక్స్ పీకేసి తీసుకెళ్తే వారం తిరక్కుండా ఇంకోటి వస్తుంది, ఈసారి ఇంకా లోపల దాస్తారు. అవసరం తీర్చి రండి.

అదే రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చవచ్చు. దాన్ని ఆఫీసు వైరు నుంచి విడదీసి, మీ ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి లాగిన్ అవ్వండి. ముందు దాని ల్యాన్ అడ్రస్‌ను మీ నెట్‌వర్క్‌లో ఖాళీగా ఉన్న నంబరుకు, ఉదాహరణకు 192.168.1.5కి మార్చండి. కొత్త నంబరుతో మళ్లీ లాగిన్ అయి, అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్ ఆపండి. ఈ వరస తిరగేస్తే మధ్యలో మీ ల్యాప్‌టాప్‌కు అడ్రస్ దొరక్క బయట ఉండిపోతారు. వైఫై పాస్‌వర్డ్ గట్టిది పెట్టి, ఆఫీసు కేబుల్ ల్యాన్ పోర్టులోనే గుచ్చి, వ్యాన్ పోర్టు ఖాళీగా వదలండి. కొత్త బాక్సుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని మెనూలోనే ఉంటుంది, అది ఎంచుకుంటే ఇంత పని లేదు.

విండోస్ సిస్టమ్ అయితే ఐపీవీ4 సెట్టింగ్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి, షేరింగ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. దానికి ఎప్పుడూ ఒకే నంబరు కావాలంటే, సిస్టమ్‌లో చేత్తో పెట్టే బదులు రూటర్‌లో ఆ మ్యాక్ పేరున రిజర్వ్ చేయండి. డీవీఆర్‌లకు, హాజరు యంత్రాలకు చేత్తోనే పెట్టాల్సి వస్తే రూటర్ పంచే పరిధి బయట పెట్టాలి. నేను మామూలుగా వాడే పంపకం ఇది: 1 రూటర్‌కు, 2 నుంచి 20 స్విచ్‌లకు, యాక్సెస్ పాయింట్లకు, 21 నుంచి 50 ప్రింటర్లకు, 51 నుంచి 99 కెమెరాలు, హాజరు యంత్రాలకు, 100 నుంచి 220 రూటర్ పంచుకోవడానికి. దీన్ని ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అతికించండి. రేపు కెమెరాలు బిగించడానికి వచ్చే కుర్రాడికి అది కనిపించాలి. మీరు చుట్టిన టేపు నంబర్లు కూడా పీకకండి, వాటి ఎదురుగా ఏ గదో అదే కాగితం మీద రాయండి.

మేనేజ్డ్ స్విచ్ ఉంటే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేయించండి. అసలు రూటర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మమని స్విచ్‌కు చెబుతాం, మిగతా ఏ పోర్టు నుంచి ఆఫర్ వచ్చినా స్విచ్ అక్కడే ఆపేస్తుంది. ఆసుపత్రులకు, కాలేజీ ల్యాబ్‌లకు ఇది లేకుండా పని జరగదని నా అభిప్రాయం.

దొంగ రూటర్ తీసేసినా, అది ఇచ్చిన అడ్రస్‌లు కొన్ని సిస్టమ్‌ల దగ్గర ఇంకా ఉంటాయి, గడువు తీరేదాకా వదలవు. ఆ గడువు చాలా రూటర్లలో గంటల్లో ఉంటుంది. ప్రతి సిస్టమ్‌లోనూ రిలీజ్, రెన్యూ కొట్టించండి, ఫోన్లలో వైఫై ఆపి వేయించండి. ప్రింటర్లకు కమాండ్ ప్రాంప్ట్ ఉండదు కాబట్టి స్విచ్ ఆపి మళ్లీ వేయండి. ప్రింటర్ నంబరు మారితే సిస్టమ్‌లలో పాత పోర్టు పట్టుకుని కూర్చుంటుంది, అది కూడా మార్చి ఒక టెస్ట్ పేజీ తీయించండి. మర్నాడు అందరూ వచ్చి సిస్టమ్‌లు వేశాక వైర్‌షార్క్‌తో ఇంకోసారి ఆఫర్లు చూడండి. రెండో ఆఫర్ అప్పటికీ వస్తుంటే, బిల్డింగ్‌లో ఇలాంటి బాక్స్ ఇంకొకటి ఉందన్నమాట. మళ్లీ దాని మ్యాక్ రాసుకోవడం దగ్గర మొదలుపెట్టాలి.